చివరి ప్రశ్న ఒక్కటే వదిలేశాను

ఏళ్ళుగా నేను మోస్తున్నది ఒక ప్రశ్న. పెద్దదేమీ కాదు, ఒకే వాక్యం. చదవడానికి ఒక్క ఊపిరి చాలు. దాన్ని ఒక మనిషిని అడగాల్సి ఉండింది. అడగలేదు. అడిగానని చెప్పాను. అప్పటినుంచీ అది నాతోనే ఉంది, బస్సులో, ఆఫీసులో, అన్నం ముందు కూర్చున్నప్పుడు కూడా.

నా పేరు చెప్పను. చెబితే ఇక్కడి తెలుగువాళ్ళలో సగం మంది గుర్తుపడతారు. వాళ్ళ దృష్టిలో నేను మంచిదాన్ని. కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు డాక్టర్ అపాయింట్‌మెంట్లు ఇప్పిస్తాను, బాలింతలకు పథ్యం కూరలు వండి పట్టుకెళ్తాను. మంచిదాన్ననిపించుకోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. ఇప్పుడు చెప్పబోయే తప్పు చేసింది కూడా ఆ మంచిదే. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. విని ఊరుకోండి. ఓదార్చకండి. ఓదార్పు నాకు ఒకసారి దొరికింది. దాని సంగతి కూడా చెబుతాను.

నేను కెనడాలో ఈ విన్నిపెగ్ వచ్చింది చదువుకోవడానికి. మన పిల్లలు విమానాలకు విమానాలు నిండి దిగుతున్న రోజులవి. ఏ బస్సెక్కినా వెనక సీట్లో ఎవరో ఒకరు ఇంటికి ఫోన్ చేసి, తిన్నానమ్మా అని తెలుగులో అబద్ధం చెబుతూ ఉండేవారు. నేనూ చెప్పేదాన్ని. నలుగురు అమ్మాయిలం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. పగలు ప్రజారోగ్యంలో మాస్టర్స్ క్లాసులు, సాయంత్రాలు కాఫీ షాపులో కారు దిగకుండా కొనుక్కునేవాళ్ళ కోసం ఉండే డ్రైవ్‌త్రూ కిటికీ దగ్గర పని. మైనస్ ముప్పైలో ఆ కిటికీ తీసి కాఫీ అందించినప్పుడల్లా ఒక చెయ్యి ఇండియాలో, ఒక చెయ్యి మంచులో ఉన్నట్టుండేది. అప్పటి అలసట ఇంకా పూర్తిగా వదల్లేదనుకుంటాను. లేదా వదిలింది, ఇప్పుడున్నది వేరే అలసట.

మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రొఫెసర్ ఉండేవారు. రిటైర్మెంటుకి దగ్గర పడిన మనిషి, నెమ్మదిగా మాట్లాడేవారు. ఆవిడ చేస్తున్న పరిశోధన ఆడవాళ్ళ నొప్పి గురించి. ఏళ్ళ తరబడి నడుము నొప్పితోనో, పొత్తికడుపు నొప్పితోనో, తలనొప్పితోనో బతుకుతున్న ఆడవాళ్ళు గర్భవతులైనప్పుడు వాళ్ళ మనసు ఎలా ఉంటుంది, నొప్పి మనసును ఎంత తినేస్తుంది, మనసు నొప్పిని ఎంత పెంచుతుంది అన్నది తెలుసుకోవాలని ఆవిడ ఆశ. నొప్పి అని చెప్పుకుంటే కడుపుతో ఉన్నావుగా అంటారు, దిగులని చెప్పుకుంటే హార్మోన్లు అంటారు, ఏది చెప్పినా కొట్టిపారేస్తారు, వీళ్ళని సరిగ్గా అడిగినవాళ్ళే లేరు అనేవారు. ఆ మాట నాకు బాగా నచ్చింది. మా అమ్మ నడుము గుర్తొచ్చింది.

బయటి దేశాలనుంచి వచ్చిన ఆడవాళ్ళను వాళ్ళ భాషలోనే అడగాలని ఆవిడ పట్టుదల. పంజాబీకి ఒకమ్మాయి, ఫిలిప్పీన్స్ వాళ్ళ భాషకి ఒకావిడ అప్పటికే ఉన్నారు. తెలుగువాళ్ళు ఒక్కసారిగా పెరిగారు కాబట్టి తెలుగుకి నన్ను తీసుకున్నారు. క్లినిక్‌లో ఒప్పుకున్న గర్భవతులకు ఫోన్ చేసి ప్రశ్నలు అడగాలి, జవాబులు కంప్యూటర్‌లో నింపాలి. వెచ్చటి గది, కుర్చీ, చెవికి హెడ్‌సెట్. డ్రైవ్‌త్రూ కిటికీతో పోలిస్తే స్వర్గం.

ఆ పని నాకు బాగా చేతనయింది. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు, తప్పు బరువు మీకు తెలియాలని చెబుతున్నాను. మొదటి కాసేపు ప్రశ్నల్లో లేని మాటలే నడిచేవి. మీది ఏ ఊరు, ఎన్నో నెల, అక్కడ గోంగూర దొరుకుతోందా. అంతే, మేడమ్ అని మొదలుపెట్టినవాళ్ళు అక్కా అనేవారు. అక్క అయ్యాక ఇక దాపరికాలు ఉండవు. సున్నానుంచి పదిదాకా నొప్పి ఎంత అని అడిగితే మాత్రం అందరిదీ ఒకే జవాబు, పర్లేదక్కా. పర్లేదుకి అంకె వేయలేం కదా. అందుకని ముందు వేరేవి అడిగి, ఆ తర్వాత అంకె అడిగేదాన్ని. చెంచా కింద పడితే వంగి తీస్తావా, కాలితో దగ్గరికి లాక్కుంటావా? తల దువ్వుకోవడం అయ్యేసరికి మళ్ళీ పడుకోవాలనిపిస్తుందా? అప్పుడు నిజం బయటికొచ్చేది. పర్లేదు అన్నవాళ్ళే ఎనిమిదనేవారు. ప్రొఫెసర్ నా పద్ధతిని మిగతా భాషల వాళ్ళకి కూడా చూపించారు. నేను పొంగిపోయాను.

ప్రశ్నల్లో చివరిది ఒకటి ఉండేది. చచ్చిపోవాలని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ ఈ మధ్య అనిపించిందా అని.

దాన్ని తెలుగులో రాసింది నేనే. కాగితం మీద బాగానే కూర్చుంది. మాకు శిక్షణ ఇచ్చిన నర్సు ఆ ఒక్క ప్రశ్న గురించే చాలాసేపు చెప్పింది. ఉన్నది ఉన్నట్టు చదవండి, మెత్తబరచకండి. ఎప్పుడూ లేదు అన్నది తప్ప ఇంకే జవాబు వచ్చినా ఫోన్ పెట్టేయకండి, నన్ను లైన్లోకి పిలవండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు. ఉన్నవాళ్ళకి మాత్రం అది దించుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. ఇదంతా నేను శ్రద్ధగా విన్నాను. తలూపాను కూడా.

మొదటి ఫోన్‌లో ఆవిడకి ఏడో నెల. శ్రీమంతం ఇక్కడే స్నేహితులు చేశారట. మాట్లాడుతున్నంతసేపూ గాజులు గలగలమంటున్నాయి. చివరి ప్రశ్న దాకా వచ్చాను. నోరు తెరిచాను. రాలేదు.

మా పిన్ని కడుపుతో ఉన్నప్పుడు మా తాతయ్య పోయారు. పిన్నికి ఆయనంటే ప్రాణం. కాన్పు అయ్యేదాకా చెప్పకూడదని ఇంట్లో పెద్దవాళ్ళు నిర్ణయించారు. పిన్ని ఫోన్ చేసి నాన్న ఏరీ అన్నప్పుడల్లా తలా ఒక అబద్ధం. నాకు అప్పటికి పదేళ్ళు కూడా లేవు, నా చేతికిచ్చినప్పుడు నేనూ చెప్పాను, తాతయ్య పొలం వెళ్ళారు పిన్నీ అని. ఎంత బాగా చెప్పావే అని మా అమ్మమ్మ బుగ్గ గిల్లింది. చూలింత చెవిన చావు మాట పడకూడదు. నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అబద్ధంతో పాటు ఒంటబట్టింది.

ఆ రోజు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చుంటే ఆ గాజుల చప్పుడు మీద ఆ మాట ఎలా వేయాలో తెలియలేదు. వదిలేశాను. అంతా మంచే జరుగుతుందమ్మా అన్నాను. కానీ కంప్యూటర్ ఊరుకోదు, ఏదో ఒక జవాబు ఇవ్వనిదే ముందుకి కదలదు. ఎప్పుడూ లేదు అన్నదాని మీద నొక్కాను. కదిలింది.

రెండోసారి అడగాలనే అనుకున్నాను. మూడోసారి అనుకోవడం కూడా మానేశాను. ఆ తర్వాత అదొక పద్ధతైపోయింది. ప్రశ్నలన్నీ శ్రద్ధగా అడగడం, చివరిది వదిలేసి నాలుగు మంచి మాటలు చెప్పడం, లేదు అని నొక్కడం. తెలుగు ఆడవాళ్ళందరికీ అంతే.

నన్ను ఆపింది నిజంగా ఆచారమేనా? ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో ఈ మాట. ఆచారమైతే ప్రొఫెసర్‌కి చెప్పొచ్చు కదా, మా వాళ్ళలో ఇలా అడగడం కష్టం, వేరే దారి చూద్దామని? ఆవిడ వినే మనిషే. చెప్పలేదు. చెబితే పని చేతకాదంటారని భయం. ఇంకొకటి కూడా ఉంది, ఇది ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అవునంటే ఆ ఫోన్ వదిలి లేవడానికి ఉండదు. నర్సుని పిలవాలి, ఆవిడ వచ్చేదాకా మాట్లాడుతూ ఉండాలి, అప్పటికి నా కాఫీ షాపు బస్సు వెళ్ళిపోతుంది. ఆ బస్సు గురించి ఆలోచించిన రోజులు ఉన్నాయి. అన్ని రోజులూ కాదు. కొన్ని రోజులు. ఆచారం నాకు దొరికిన మర్యాదైన సాకు, అంతే. దాన్ని కప్పుకుంటే నాకు నేను కూడా మంచిగానే కనబడ్డాను.

ఇక ఆ అమ్మాయి గురించి చెప్పాలి. సుజన అని పిలుస్తాను, అసలు పేరు కాదు.

సుజనది హన్మకొండ. ఇంజినీరింగ్ చదివేటప్పుడు స్కూటీ మీదనుంచి పడింది. ఎముకలు అతుక్కున్నాయి గానీ నడుము నొప్పి పోలేదు. పెళ్ళయ్యాక భార్యాభర్తలు ఇక్కడికొచ్చారు. చదువు ఈమెది, ఈమె కాలేజీ పర్మిట్ మీద అతను పని చేసుకుంటున్నాడు. ఆ రోజుల్లో చాలా జంటలు అలాగే వచ్చేవి. రెండో సెమిస్టర్‌లో గర్భం వచ్చింది. నెలలు నిండేకొద్దీ నడుము పట్టేసి, కాలిదాకా మంట పాకేది. అంతకు ముందు వాడే మందులు డాక్టర్ ఆపేశారు. కాలేజీ మానేద్దామంటే ఇద్దరి పర్మిట్లూ ప్రమాదంలో పడతాయి. వెనక్కి వెళ్దామంటే అప్పటికే ఇంట్లోవాళ్ళు ఊరంతా చెప్పేసుకున్నారు, మా పిల్లలు కెనడాలో ఉన్నారని. క్లాసులో వెనక గోడకి ఆనుకుని నిలబడి పాఠం వినేదట. కూర్చుంటే లేవలేనని.

ఇదంతా ఆమె ఒకే ఫోన్‌లో చెప్పింది. మధ్యాహ్నం, కిటికీ బయట మంచు పడుతోంది. నిదానమైన గొంతు, ఎక్కడా వణకలేదు. నిద్ర పడుతోందా అంటే పట్టట్లేదంది. నవ్వొస్తోందా అంటే కాసేపు ఆలోచించి, వస్తదక్కా, ఎవరన్న జోకేస్తే నవ్వుత అంది. నొప్పి ఎంత అంటే నా చెంచా ప్రశ్న అవసరం లేకుండానే, తొమ్మిది రాసుకో అక్కా అంది. ఇంత సూటిగా జవాబిచ్చిన అమ్మాయి అంతకుముందు తగల్లేదు. నాకు ముచ్చటేసింది. మంచి పార్టిసిపెంట్ అనుకున్నాను. అవును, ఆ మాటే అనుకున్నాను.

చివరి ప్రశ్న దగ్గరికి వచ్చాం. నేను ఆగాను. ఆమె కూడా ఆగింది. ఊపిరి వినబడుతోంది.

"అయిపోయినయా అక్కా?" అంది.

"అయిపోయాయమ్మా. చాలా ఓపిగ్గా చెప్పావు."

"ఇంకేం లేవా అడిగేటియి?"

"ఇంకేం లేవు. నువ్వు ధైర్యంగా ఉండు. బిడ్డ చేతిలోకొస్తే ఈ నొప్పులన్నీ మర్చిపోతావు చూడు."

"సరే అక్కా, ఉంట మరి," అంది.

లేదు అని నొక్కాను. కోటు వేసుకున్నాను. బస్సు అందింది.

ఇంకేం లేవా అన్నది ఆ రోజు నాకు మర్యాద మాటలా వినిపించింది. చుట్టం గుమ్మం దిగుతూ వెళ్ళొస్తా అన్నట్టు. మీకైతే ఎలా వినిపించేదో. నాకు అలా వినిపించాలని నేను అనుకున్నానేమో కూడా. ఈ రెంటికీ తేడా ఏమిటో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కొన్ని వారాల తర్వాత మళ్ళీ ఫోన్ చేయాలి, అదీ పరిశోధనలో భాగమే. చేశాను. ఆమె భర్త ఎత్తాడు. ఆమె ఇప్పుడు మాట్లాడే పరిస్థితిలో లేదండీ, హాస్పిటల్లో ఉంది అన్నాడు. కాన్పా అన్నాను, సంతోషంగానే. కాదండీ అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగకపోవడం అప్పటికి నాకు బాగా అలవాటైంది.

నర్సు కనుక్కుంది. సుజన ప్రాణం తీసుకోబోయింది. ఏం చేసిందో ఇక్కడ రాయను. వాళ్ళ ఇంట్లోనే పై అంతస్తులో ఉండే పంజాబీ ఆవిడ సమయానికి చూసి అంబులెన్స్ పిలిచింది. సుజన బతికింది. బిడ్డ బతకలేదు.

ఆ వారం మీటింగ్‌లో అందరం ఒక బల్ల చుట్టూ కూర్చున్నాం. నర్సు సుజన జవాబులు తెరిచింది. నొప్పి తొమ్మిది, నిద్ర లేదు, అన్నీ ఉన్నాయి. చివర ఎప్పుడూ లేదు అని ఉంది. నర్సు దాన్ని చాలాసేపు చూసింది. ఇప్పుడు అడుగుతుంది, నువ్వు నిజంగా అడిగావా అని, అప్పుడు చెప్పేస్తాను అనుకున్నాను. ఒట్టు, చెప్పేద్దామనే అనుకున్నాను. నర్సు నా వైపు తిరిగి నా చెయ్యి పట్టుకుంది. నీ తప్పేం లేదు, నువ్వు అడిగావు, ఆమె మన దగ్గర దాచింది, అలా దాచేవాళ్ళని ఎవరూ పట్టుకోలేరు అంది.

నేను ఏడ్చాను. ప్రొఫెసర్ లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు. ఎవరో నీళ్ళిచ్చారు. బిడ్డ పోయింది సుజనకి, ఓదార్పు నాకు. దాన్ని నేను తీసుకున్నాను. ఒక్క మాట అడ్డు చెప్పకుండా, బుద్ధిమంతురాలిలా తీసుకున్నాను. సుజన దాచిందన్న మాటని ఆ బల్ల మీద అలాగే ఉండనిచ్చాను. అడగకపోవడం ఒక తప్పైతే, ఇది రెండోది. మొదటిదానికి పిన్ని కథ చెప్పుకోవచ్చు. దీనికి ఏ కథా లేదు.

తర్వాత ఆ మాట పెరిగింది. తెలుగు ఆడవాళ్ళెవరూ చివరి ప్రశ్నకి అవునని చెప్పలేదు కదా, ఇక్కడేమో ఒకామె అంత పని చేసింది. దీన్నిబట్టి ఈ భాషవాళ్ళు ఫోన్‌లో సూటిగా అడిగినా బయటపడరని మా బృందం తేల్చింది. పరిశోధన ఫలితాల్లో అది ఒక పేరాగ్రాఫ్ అయింది. ఆ పేరాగ్రాఫ్ చిత్తుప్రతి నా దగ్గరికే వచ్చింది, నువ్వు ఆ సంస్కృతి మనిషివి కదా, సరిగ్గా ఉందో లేదో చూడు అని. చూశాను. ఒక చోట కామా మార్చాను. తెలుగులో ఫోన్ చేసి అడగడం ఆపేశారు, ఎలాగూ చెప్పరు కాబట్టి. నా తర్వాత ఆ గదిలో ఆ కుర్చీలో తెలుగు మాట్లాడే మనిషి కూర్చోలేదు.

ఎంతమందిని అడగలేదో ఆలోచించడం మొదలుపెడితే ఆగదు. శ్రీమంతం గాజుల ఆవిడ ఏమైంది? నవ్వుతూ మాట్లాడిన వాళ్ళలో ఎవరు నవ్వు కోసం నవ్వారు? తెలియదు. తెలుసుకునే దారి నేనే మూసేశాను.

చదువైపోయింది. ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చింది, బేస్‌మెంట్ నుంచి పైకి వచ్చాను. ఈ ఊళ్ళోనే ఉండిపోయాను. సుజన వాళ్ళు ఇండియా వెళ్ళిపోయారని ఎవరో అన్నారు. వెళ్ళిపోయారు అన్న మాట విని నేను తేలికపడ్డాను. అది కూడా చెప్పాలి కదా.

వెళ్ళలేదు. కెనడాలోనే కాల్గరీ వెళ్ళారు, మళ్ళీ ఈ ఊరికి వచ్చారు. ఇది నాకు తెలిసింది రెండేళ్ళ కిందట, బతుకమ్మ రోజు. ఇక్కడ మనవాళ్ళు ఒక స్కూల్ జిమ్ అద్దెకి తీసుకుని ఆడతారు. బాస్కెట్‌బాల్ గీతల మీద బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతారు. గుమ్మం దగ్గర పట్టుచీరలవాళ్ళ బూట్లు గుట్టగా పడి ఉంటాయి. నేను ప్రసాదం బల్ల దగ్గర పులిహోర వడ్డిస్తున్నాను. మంచిదాన్ని కదా. కాస్త వేసుకోండి, ఇంకొంచెం వేసుకోండి అంటున్నాను అందరితో. పక్కనుంచి ఎవరో, "మీరు ఫోన్ల అడిగే అక్క కదా?" అన్నారు.

తిరిగి చూస్తే ఆకుపచ్చ చీరలో ఒకామె. ఒక చెయ్యి నడుము మీద ఆనించుకుని నిలబడింది. మొహం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ చెయ్యి చూసి గుర్తుపట్టాను.

"మీ గొంతు గుర్తుపట్టిన అక్కా. ఇంకొంచెం వేసుకోండి అన్నరు సూడు, అప్పుడు," అంది. నవ్వింది కూడా.

గరిటె పక్కన పెట్టాను. ఇద్దరం గోడ వారగా వెళ్ళి నిలబడ్డాం. ఎలా ఉన్నావు అన్నాను. మంచిగనే ఉన్నక్కా అంది. నడుం అలాగే ఉందట, నొప్పితో బతకడం నేర్పే క్లినిక్‌కి వెళ్తోందట, ఒక కౌన్సెలర్‌తో మాట్లాడుతోందట. పిల్లలు లేరు. ఆ మాట ఆమే చెప్పింది, నేను అడగకముందే. చెప్పి చాలాసేపు ఆడేవాళ్ళ వైపు చూసింది.

"ఒకటి అడగాలె అనుకున్న అక్కా మిమ్మల్ని. ఎప్పుడన్న కలిస్తే."

"అడుగు."

"మా పైన ఉండె కదా పంజాబీ దీదీ, ఆమె కూడ మీ దాంట్ల ఉండె. ఆమెకు ముందుగాల ఫోన్ అచ్చింది. ఆమెను కడకు ఒకటి అడిగిండ్రంట, చచ్చిపోవాలనిపిస్తదా అని. ఆమె అవునన్నది. తెల్లారే నర్సు ఇంటికొచ్చింది, డాక్టర్ తాన్కి తీస్కపోయిండ్రు. ఆమె నాకు చెప్పింది, నిన్ను కూడ అడుగుతరు, అప్పుడు దాచకు, ఉన్నది చెప్పు అని. నేను రెడీగ ఉన్న అక్కా. ఎట్ల చెప్పాలో మనసుల అనుకుని కూసున్న. నా అంతట నేను ఎట్ల చెప్త, అడిగితే చెప్పొచ్చు కదా అని. మీరేమో అయిపోయినయ్ అంటిరి."

నేను పులిహోర గిన్నె వైపు చూశాను.

"నా గొంతు మంచిగనే వినొచ్చిందేమో మీకు. అందుకే అడగలేదా? గదే తెలుసుకుందామని. ఇంకేం లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళూ ఆమె తన గొంతుని తప్పుపట్టుకుంటూ ఉంది, సరిగ్గా వణకనందుకు.

ఇక్కడ నేను ఒప్పుకున్నానని మీరు అనుకుంటూ ఉంటారు. ఇన్నేళ్ళు మోసింది దించుకోవడానికి ఇంతకంటే మంచి సమయం ఉంటుందా? ఎదురుగా మనిషి ఉంది. అడిగింది. నేను ఆమెను అడగాల్సింది అడగలేదు గానీ, ఆమె నన్ను అడిగింది.

"లేదమ్మా," అన్నాను. "మా తెలుగు ప్రశ్నల్లో అప్పటికి అది ఇంకా చేర్చలేదు. ఉంటే అడిగేదాన్ని."

"అట్లనా," అంది. తల ఊపింది. "నేనేదో అనుకున్న."

ఆమె మొహంలో ఏదో సర్దుకున్నట్టు కనిపించింది. తన గొంతు తప్పు కాదని తెలిసి కాస్త తేలికపడిందేమో. ఈ అబద్ధం ఆమెకి మేలే చేసిందని ఒక రోజంతా నాకు నేను చెప్పుకున్నాను. తాతయ్య పొలం వెళ్ళారు పిన్నీ. నలభై దగ్గర పడుతోంది, ఇంకా అదే అబద్ధం, ఇంకా అంత బాగానూ చెబుతున్నాను. బుగ్గ గిల్లడానికి మా అమ్మమ్మ లేదు, అంతే తేడా.

ఆమె వెళ్ళేముందు నా నంబరు తీసుకుని తన నంబరు ఇచ్చింది. అప్పటినుంచి రెండు పండగలకి శుభాకాంక్షలు పంపింది. నేను చేతులు జోడించిన బొమ్మ పంపాను.

ఇప్పుడు నా ఉద్యోగంలో ఒక భాగం ఏమిటో తెలుసా? ఆస్పత్రుల్లో గర్భవతుల పక్కన కూర్చుని వాళ్ళ భాషలో మాట్లాడే కొత్తవాళ్ళకి శిక్షణ ఇవ్వడం. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడు నా గొంతు గట్టిపడుతుంది. ఉన్నది ఉన్నట్టు అడగండి, మెత్తబరచకండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆ నర్సు మాటలే, అక్షరం పొల్లుపోకుండా. మొన్న తెలుగమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. మన దగ్గర కడుపుతో ఉన్నవాళ్ళని అలా ఎలా అడుగుతాం మేడమ్, నోరు రాదు కదా అంది. ఆ పిల్ల ఎంత ధైర్యంగా చెప్పింది ఆ మాట. నేను ఆ రోజుల్లో ప్రొఫెసర్‌కి చెప్పాల్సిన మాట. అడగాలమ్మా, వాళ్ళు చెబుదామని కూర్చుని ఉంటారు అన్నాను. మీకెలా తెలుసు మేడమ్ అంది. అనుభవం అన్నాను. అనుభవం ఎవరిదో చెప్పలేదు.

ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

దీనివల్ల ఏమవుతుంది? ఆ పేరాగ్రాఫ్ మారదు. తెలుగు ఆడవాళ్ళు అడిగినా చెప్పరని అది ఎక్కడో ఉంటూనే ఉంటుంది, ఎవరో చదివి నమ్ముతూనే ఉంటారు. ప్రొఫెసర్‌కి చెప్పలేదు. సుజనకి చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వను, నా మాట ఎలాంటిదో చూశారు కదా. క్షమించమనీ అడగను. క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు, ఆమె ముందు నేను ఇంకా నోరు తెరవలేదు. ఒకటి మాత్రం నిజం. రాస్తున్నంతసేపూ నేను ఎవరికీ మంచిదానిలా కనబడాల్సిన పని లేకపోయింది. ఆ కాసేపు ఊపిరి కొంచెం కిందిదాకా వెళ్ళింది.

మిగిలింది ఆ వాక్యం. పైన అర్థం చెప్పాను గానీ, ఆమెను అడగాల్సిన తీరులో రాయలేదు. నోటితో ఎలాగూ అనలేదు, చేతితోనైనా రాస్తాను.

సుజనా, ఈ మధ్య నీకు చచ్చిపోవాలని గానీ, నీకు నువ్వు హాని చేసుకోవాలని గానీ ఎప్పుడైనా అనిపించిందా?

చదివారు కదా. ఒక్క ఊపిరి కూడా పట్టలేదు.